వయ్యారిభామ: ఇంటి పక్క ఖాళీ స్థలంలో తెల్లపూల మొక్క పెరుగుతోందా.. పీకే ముందు ఇవి తెలుసుకోండి

పామర్రు: వానలు పడి వారం తిరక్కముందే ఖాళీ ప్లాట్లలో, కాలువ గట్ల మీద, ప్రహరీ గోడల వెంట గుబురుగా లేచే మొక్క ఒకటుంది. ఆకు చూస్తే మాచిపత్రిలా, పువ్వు చూస్తే తెల్లటి ముత్యాల్లా ఉంటుంది. అదే వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి, క్యారెట్ గడ్డి అని కూడా అంటారు. పేరు అందంగానే ఉంటుంది. కానీ ఆ పక్కనే ఇల్లు ఉన్నవాళ్లకి దురదలు, తుమ్ములు, ఆయాసం తప్పవు. ఒక్కసారి పీకేస్తే పోయే రకం కూడా కాదు. మరి ఏం చేయాలి?

ఎక్కడి నుంచి వచ్చింది?

దీని సొంత ఊరు అమెరికా ఖండం. మన దేశంలో 1950ల మధ్యలో పుణెలో గుర్తించారు. అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో పాటు వచ్చిందని చెబుతారు. పామర్రు మీదుగా బందరు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మొదలయ్యేది కూడా ఆ పుణెలోనే. ఆ రోడ్డు మీదే వచ్చిందని కాదు గానీ, లారీ టైర్లు, గాలి, నీళ్లు, మట్టి.. ఇది దేనితో అయినా ప్రయాణం చేస్తుంది.

మన డెల్టాలో ఇంకో దారి ఉంది. ఇక్కడ స్థలాలు పల్లం. ఇల్లు కట్టాలంటే ముందు మెరక తోలించాలి. ఆ మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో చాలామంది అడగరు. విత్తనాలు ఆ ట్రాక్టరులోనే వచ్చేస్తాయి.

బ్రిటన్‌లో జపనీస్ నాట్‌వీడ్ అనే మొక్కతో ఇలాంటి తలనొప్పే ఉంది. అక్కడ ఇల్లు అమ్మేవాళ్లని ఆ మొక్క ఉందా లేదా అని ఫారంలోనే అడుగుతారు. మనం స్థలం కొనేటప్పుడు దస్తావేజులు చూస్తాం గానీ మొక్కలు చూడం.

ఎందుకింత ప్రమాదం?

ఒక్క మొక్క వేల సంఖ్యలో విత్తనాలు ఇస్తుంది. బాగా పెరిగితే 15 వేలు కూడా దాటుతాయి. మొలిచిన నెల, నెలన్నరలోనే పూత మొదలవుతుంది. మట్టి లోపల పడిన విత్తనాలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. అందుకే నిరుడు శుభ్రం చేసిన చోటే ఈ ఏడాది మళ్లీ లేస్తుంది.

దీనిలో ఉండే పార్థెనిన్ అనే పదార్థం చర్మానికి పడదు. తాకిన చోట దద్దుర్లు, దురద వస్తాయి. కొందరికి తాకకపోయినా గాలిలో వచ్చే పొడితోనే ముఖం, మెడ ఎర్రబడతాయి. పుప్పొడి ఉబ్బసం ఉన్నవాళ్లని ఇబ్బంది పెడుతుంది. పశువులు మామూలుగా ముట్టవు. గడ్డిలో కలిసి తింటే పాలు చేదెక్కుతాయి.

వినాయక చవితికి పత్రి కోసేటప్పుడు మరీ జాగ్రత్త. మాచిపత్రి నలిపితే మంచి వాసన వస్తుంది కదా అని దీన్ని నలిపి చూడకండి. అనుమానం ఉంటే తెలిసినవాళ్లకి చూపించాకే కోయండి.

ఎలా తీసేయాలి?

1. పూత రాకముందే పీకాలి. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉంటుంది, వేరుతో సహా వస్తుంది. పైపైన కోస్తే మొదలు నుంచి మళ్లీ చిగురు వేస్తుంది.

2. చేతులకి గ్లవ్స్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ముక్కుకి మాస్కు ఉండాలి. పని అయ్యాక సబ్బుతో స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఉబ్బసం, చర్మ అలర్జీ ఉన్నవాళ్లు ఈ పనికి దిగొద్దు.

3. పూత లేని మొక్కల్ని గోతిలో పేడనీళ్లతో కలిపి కంపోస్టు చేయొచ్చు. పూత వచ్చినవాటిని మాత్రం కంపోస్టులో వేయకూడదు. కదిలించకుండా సంచిలో పెట్టి లోతుగా పూడ్చాలి. తగలబెడితే ఆ పొగ ఇంటిల్లిపాదికీ ఇబ్బంది.

4. గోడ పగుళ్లలో, దారి పక్కన మొలిచిన చిన్న మొక్కల మీద లీటరు నీళ్లకి 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టొచ్చు. పెరట్లో, కొబ్బరి చెట్ల దగ్గర వద్దు. నేల చౌడు తేలుతుంది. బందరు, దివిసీమ వైపు అసలే ఉప్పు నేలలు.

5. ఖాళీ అయిన చోటు ఖాళీగా వదలొద్దు. బంతి వేయండి, లేదా తంటెం మొక్కల్ని పెరగనివ్వండి. ఇవి గుబురుగా పెరిగితే వయ్యారిభామకి చోటు దొరకదు.

6. నెలకోసారి చొప్పున కనీసం రెండు, మూడు వానాకాలాలు చూసుకోవాలి.

మందు కొట్టొచ్చా?

ఇళ్ల మధ్య కొట్టకపోవడమే మంచిది. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2,4-డి లాంటి మందు గాలికి పక్క చేలో మినుము మీద పడితే ఆ పైరు దెబ్బతింటుంది.

ఆకుల మీద గోధుమ రంగు చారలున్న చిన్న పెంకు పురుగులు కనిపిస్తే చంపొద్దు. మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలిన పురుగులివి. వాటి తిండే వయ్యారిభామ.

స్థలం పక్కవాళ్లదైతే?

అసలు చిక్కంతా ఇక్కడే. మనం మన పెరడు ఎంత శుభ్రం చేసుకున్నా, ఓనరు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న ప్లాటు నుంచి విత్తనాలు వస్తూనే ఉంటాయి. ముందు ఓనరుకి ఫొటో తీసి పంపండి. స్పందన లేకపోతే గ్రామ సచివాలయంలో పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. గుడివాడ, బందరు వాళ్లయితే మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాలి. ఒక్కరుగా కాకుండా వీధి అంతా సంతకాలు పెట్టి ఇస్తే బరువు ఉంటుంది. సాగు సలహాకి ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం ఉంది.

ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశవ్యాప్తంగా వయ్యారిభామ అవగాహన వారోత్సవాలు జరుపుతారు. అప్పటిదాకా ఆగాల్సిన పని లేదు. తెల్లపూలు కనిపించకముందే, వాన వెలిసిన మర్నాడు ఉదయమే మొదలుపెట్టండి.

గమనిక: దద్దుర్లు తగ్గకపోయినా, ఊపిరి ఆడకపోయినా సొంత వైద్యం చేసుకోకుండా వెంటనే డాక్టరుని కలవండి.