ఫ్యూజులో లావు తీగ

2021 వానాకాలం. ఖమ్మంలో మా ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తున్న రోజులు. కంపెనీ ల్యాప్‌టాప్ రిపేరుకెళ్ళింది కాబట్టి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న పాత అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌ దుమ్ము దులిపి బయటికి తీశాను. రోజూ తొమ్మిదింటికి స్టాండప్ కాల్. నేను "గుడ్ మార్నింగ్" అనేసరికి టప్‌మని చప్పుడు, ఇల్లంతా కరెంటు బంద్. కరెంటు ఉన్నప్పుడేమో కంప్యూటర్ తనంతట తనే రీస్టార్ట్ అయ్యేది. ఒకరోజు రెండుసార్లు, ఇంకోరోజు అసలు లేదు. విండోస్ లాగ్ చూస్తే కెర్నల్ పవర్ 41. అంటే "సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయాను" అని దాని ఏడుపు. ఎందుకాగిపోయావే తల్లీ అంటే మాత్రం చెప్పదు.

"ఒరేయ్, ఆ డబ్బా తీసినప్పటి నుంచే ఇదంతా" అని నాన్న తేల్చేశారు. నాకూ అలాగే అనిపించింది. ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ బోర్డు చూసి, "ఈ ఆర్‌సీసీబీతోనే గొడవ బాబూ. దీన్ని తీసేసి డైరెక్ట్ ఇచ్చేద్దాం. మన ఊళ్ళో సగం ఇళ్ళకి ఇది లేనే లేదు" అన్నాడు. నేను సరేననబోయాను. మధ్యలో కాల్ కట్ కాకుండా ఉంటే చాలు, ఇంకేమీ వద్దు అన్న స్థితిలో ఉన్నాను మరి.

అక్కడ నన్నాపింది మా తాతయ్య వాళ్ళింట్లో చిన్నప్పుడు చూసిన ఒక దృశ్యం. పింగాణీ ఫ్యూజు, మనవాళ్ళు కిట్‌క్యాట్ అంటారే, అది మాటిమాటికీ పోతోందని పాత వైరు ఒలిచి, అందులోంచి నాలుగైదు రాగి పోగులు మెలిపెట్టి బిగించేశారు. ఆ తర్వాత ఫ్యూజు ఎప్పుడూ పోలేదు. గోడలో వైరు మాత్రం కాలింది. అదృష్టం కొద్దీ పగటిపూట!

ఫ్యూజుకున్న పనల్లా తాను కాలిపోయి వైరుని కాపాడటమే. ఎడిసన్ 1879 నాటి పేటెంట్ దరఖాస్తులోనే సర్క్యూట్ బ్రేకర్ ఊహ ఉంది. కానీ ఆయన కరెంటు వ్యాపారం నడిచింది చవకైన ఫ్యూజులతోనే. చవకే, కాకపోతే కాలిన ప్రతిసారీ కొత్త తీగ వెయ్యాలి. ఆ విసుగులోంచే లావు తీగ పుడుతుంది. 1924లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్జ్ సంస్థ తెచ్చిన చిన్న బ్రేకర్ ఈ విసుగుకి మందు. ఓవర్‌లోడ్ అయితే వేడికి వంగే రెండు లోహాల పట్టీ, షార్ట్ అయితే లాగే విద్యుదయస్కాంతం. ఏది పనిచేసినా స్విచ్చు పడిపోతుంది. తప్పు సరిచేసి మళ్ళీ పైకి లేపితే సరి. ఇవాళ మన ఇళ్ళల్లో ఉండే ఎంసీబీ దాని వంశమే.

ఇక్కడో తిరకాసుంది. ఫ్యూజైనా ఎంసీబీ అయినా కాపాడేది వైరుని, మనిషిని కాదు. ఆరు ఆంపియర్ల ఎంసీబీకి ఆరు దాటితేగానీ చీమ కుట్టదు. మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు.

ఎంత కావాలో కొలిచినవాడు బర్క్‌లీలో ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్. వాలంటీర్ల చేతికి తీగ ఇచ్చి, కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ, ఎక్కడ వాళ్ళు దాన్ని వదల్లేకపోతారో చూశాడు. సగటున మగవాళ్ళకి 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్ళకి 10.5. మనం "కరెంటు పట్టేసుకుంది" అంటాం కదా, నిజానికి అది మనల్ని పట్టుకోదు. మన కండరాలే బిగుసుకుపోయి మనమే దాన్ని వదల్లేం. డాల్జీల్ 1961లో ఈ లెక్కల ఆధారంగా మనిషిని కాపాడే బ్రేకర్ తయారుచేశాడు.

అంతకు ముందే దక్షిణాఫ్రికాలో ఇంకో కథ నడిచింది. 1950ల మధ్యలో హెన్రీ రూబిన్ అనే ఇంజినీరు బంగారు గనుల కోసం లీకేజీ పట్టే పరికరం చేశాడు. మొదట్లో దాని సున్నితత్వం 250 మిల్లీ ఆంపియర్లు. స్టిల్‌ఫాంటైన్ అనే గని ఊళ్ళో ఒకావిడ ఇంట్లో కరెంటు షాక్ కొట్టి చనిపోయింది. ఆ తర్వాత 1957, 58లలో ఆ ఊరి ఇళ్ళల్లో కొన్ని వందల పరికరాలు బిగించారు. ఈసారి 20 మిల్లీ ఆంపియర్లకే పడిపోయేలా. అంటే మా ఎలక్ట్రీషియన్ పీకేద్దామన్న డబ్బా ఊళ్ళోకి రావడానికి ముందు ఒక ప్రాణం పోయింది.

అది పనిచేసే తీరు మనవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ఫేజులో వెళ్ళిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. రెండు వైర్లూ ఒకే ఇనుప రింగులోంచి పోతాయి. లెక్క సరిపోతే రింగులో అయస్కాంత క్షేత్రం సున్నా. తేడా వస్తే ఎక్కడో కారుతోందన్నమాట, వెంటనే కట్. ఒకరకంగా కరెంటుకి చెక్‌సమ్ :) ఇళ్ళల్లో మామూలుగా వాడేది 30 మిల్లీ ఆంపియర్లది. ప్రమాణాల ప్రకారం 30కి పడి తీరాలి, 15 దాకా పడకూడదు. మధ్యలో ఎక్కడైనా పడొచ్చు. మన "ర్యాండమ్" చాలావరకు ఆ మధ్యలోనే కాపురముంటుంది.

సరే, ఇంటికొద్దాం. నాన్న స్నేహితుడు, లైన్‌మన్‌గా రిటైరైన బాబాయ్, మెగ్గర్ పట్టుకొచ్చి అన్ని ప్లగ్గులూ పీకించి ఒక్కొక్కటే కొలిచాడు. కంప్యూటర్ బానే ఉంది. దాని ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు ఎర్తుకి ఒక మిల్లీ ఆంపియరు దాకా వదులుతాయి, అది తయారీలోనే ఉన్న విషయం. గీజరు దగ్గర ముల్లు కిందకి పడిపోయింది. హీటింగ్ ఎలిమెంట్ పగిలింది. దాని ప్లగ్గులో ఎర్తు వైరు ఊడి వేలాడుతోంది. కరెంటు నీళ్ళలోంచి, ఇనుప పైపులోంచి దారి వెతుక్కుంటోంది. తొమ్మిదింటికి నాన్న స్నానానికి గీజరు వేసేవారు, అదే టైముకి నేను కంప్యూటర్ ఆన్ చేసేవాణ్ణి. గీజరు అంచుదాకా తెచ్చేది, కంప్యూటర్ ఆ చివరి చుక్క పోసేది.

అమ్మ అప్పుడంది. "నేను నెలరోజుల్నుంచీ చెప్తూనే ఉన్నాగా, కొళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందని." చెప్పింది, నిజమే. నేను హెడ్‌ఫోన్స్ తియ్యకుండానే "చలికేమోలే అమ్మా" అన్నాను. పదిన్నర మిల్లీ ఆంపియర్ల సంగతి చదివాక ఆ మాట ఎన్నిసార్లు గుర్తొచ్చిందో.

గీజరు మార్చాం. ట్రిప్పులు ఆగిపోయాయి. కంప్యూటర్ మాత్రం మళ్ళీ రీస్టార్ట్ అయింది! రెండూ ఒకే బగ్ అనుకున్నాం గానీ అవి రెండు వేర్వేరు బగ్గులు.

కారణం లేని క్రాష్‌లకి మన రంగంలోనూ పెద్ద చరిత్రే ఉంది. 1978లో ఇంటెల్‌లో టిమోతీ మే, ముర్రే వుడ్స్ ఇలాంటి దాన్నే తవ్వారు. మెమరీ చిప్పుల్లో అప్పుడప్పుడూ ఒక బిట్ తిరగబడేది. మళ్ళీ రాస్తే అదే చోటు చక్కగా పనిచేసేది. చివరికి తేలిందేంటంటే, చిప్పుకి తొడిగిన సిరామిక్ ప్యాకేజీలోనే లేశమాత్రం యురేనియం, థోరియం ఉన్నాయి. వాటి నుంచి వచ్చే ఆల్ఫా కణాలు బిట్లని తిరగేస్తున్నాయి. ఆల్ఫా కణాన్ని కాగితం ముక్క కూడా ఆపేస్తుంది, కాబట్టి దొంగ ఇంట్లోవాడే అయ్యుండాలి. మెమరీ డిజైన్‌ని ఎన్నిసార్లు తిరగరాసినా ఆ యురేనియం కనిపించేది కాదు.

ఇంకోటి మన తరానికి దగ్గరిది. 2000ల మొదట్లో మదర్‌బోర్డుల మీద అల్యూమినియం కెపాసిటర్లు కుప్పలుతెప్పలుగా ఉబ్బి కారిపోయాయి. లోపలి ద్రవం మిశ్రమం సరిగ్గా లేక, అల్యూమినియంతో చర్య జరిగి హైడ్రోజన్ పుట్టేది. క్రాష్‌లు, రీస్టార్ట్‌లు, చివరికి మరణం. 2003 మే నుంచి 2005 జూలై మధ్య డెల్ అమ్మిన కంప్యూటర్లలో కనీసం 1.18 కోట్లకి ఈ జబ్బు ముప్పుందని తర్వాత కోర్టు కాగితాల్లో బయటపడింది. టెక్సాస్ యూనివర్సిటీ గణిత విభాగం వాళ్ళు మిషన్లు పోతున్నాయని ఫిర్యాదు చేస్తే, మీరు మరీ కష్టమైన లెక్కలు చేయించి అలవగొట్టారని సంజాయిషీ ఇచ్చారట. లెక్కల డిపార్ట్‌మెంట్‌కి!

ఈ కథ చదివాకే నా డబ్బాని వేరే కళ్ళతో చూశాను. విండోస్ రెండుసార్లు ఫార్మాట్ చేసి ఉన్నాను అప్పటికే. స్నేహితుడి దగ్గర ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చి మార్చాను. వారం గడిచినా ఒక్క క్రాష్ లేదు. షాపతను పాతది విప్పి చూపించాడు. మూడు కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బున్నాయి.

ఆఫీసులో మా సర్వీసు ఒకటి మెమరీ నిండి పడిపోతుండేది. రోజూ రాత్రి రెండింటికి దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా క్రాన్ జాబ్ పెట్టింది నేనే. అందరూ శభాష్ అన్నారు కూడా. గీజరు సంగతి తేలిన వారంలోనే దాన్ని తీసేసి, లీకు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను. దొరకడానికి పదకొండు రోజులు పట్టింది, మధ్యలో తిట్లు కూడా పడ్డాయి. పడితే పడ్డాయి. లావు తీగ చుట్టిన ఇల్లు ఎలా ఉంటుందో నేను చూశాను కదా.

మీ ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. ఈ ఆదివారం ఒకసారి నొక్కి చూడండి, పడుతుందో లేదో. కొళాయి జివ్వుమంటోందని ఇంట్లో ఎవరైనా అంటే హెడ్‌ఫోన్స్ తీసి వినండి.