లాంకాస్టర్ రోడ్డులో ఎముకల పాఠం

1950 జనాభా లెక్కల్లో టెక్సస్‌లోని ఇర్వింగ్ 2,621 మంది ఉన్న చిన్న ఊరు. పదేళ్లు తిరిగేసరికి ఆ సంఖ్య 45,985 అయింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లకు 1944 నాటి జీఐ చట్టం చదువుకు డబ్బిచ్చింది, ఇంటి అప్పుకు పూచీ పడింది. డాలస్ చుట్టూ శివార్లు విస్తరించిన కాలమది. ఈనాటి తెలుగువాళ్లకు ఇర్వింగ్ అంటే లాస్ కొలీనాస్ ఆఫీసులు, 2014లో థామస్ జెఫర్సన్ పార్కులో వెలసిన గాంధీ విగ్రహం. ఆ వీధుల్లోనే కాపురముండే మాజీ సైనికులు మన కంటికి అంతగా ఆనరు. వాళ్ల మోకాళ్లు అరిగినా, తుంటి పట్టేసినా, పాత గాయం తిరగబెట్టినా చాలామంది దారి దక్షిణ డాలస్‌కే, లాంకాస్టర్ రోడ్డులోని ప్రభుత్వ ఆసుపత్రికే. అక్కడ వాళ్లను మొదట పరీక్షించేది తరచూ ఒక రెసిడెంటు, అంటే మన లెక్కలో ఆర్థోపెడిక్స్ పీజీ విద్యార్థి. ఈ ఏర్పాటు ఎలా మొదలైందో తెలియాలంటే 1945కు వెళ్లాలి.

అప్పటికి మాజీ సైనికుల బాగోగులు చూసే వెటరన్స్ అడ్మినిస్ట్రేషన్, జనం నోట ‘వీఏ’, వైద్యం విషయంలో బాగా చెడ్డపేరు మూటగట్టుకుంది. ఆసుపత్రులు చాలావరకు ఊళ్లకు దూరంగా ఉండేవి. డాక్టర్లను సివిల్ సర్వీసు నిబంధనల ప్రకారం గుమాస్తాల పద్ధతిలోనే నియమించేవారు. పేరున్న వైద్యుడెవరూ అటు తొంగిచూసేవాడు కాదు. పత్రికలు ఈ సంగతులను వరుసగా బయటపెట్టాయి. 1923 నుంచి సంస్థను నడిపిన ఫ్రాంక్ హైన్స్ స్థానంలో అధ్యక్షుడు ట్రూమన్ జనరల్ ఒమర్ బ్రాడ్లీని కూర్చోబెట్టాడు. బ్రాడ్లీ యూరప్ యుద్ధరంగంలో అమెరికా సైన్యపు ప్రధాన వైద్యాధికారిగా పనిచేసిన పాల్ హాలీని వెంట తెచ్చుకున్నాడు. హాలీ పిలిపించుకున్న మనిషి షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు ఎముకల వైద్యుడు పాల్ మాగ్నసన్.

ఈ కథలో నిజంగా చెప్పుకోవలసినవాడు మాగ్నసనే. భుజం కీలు మాటిమాటికీ జారిపోతుంటే చేసే ఒక శస్త్రచికిత్సకు ఇప్పటికీ అతని పేరుంది. ఎముకల వైద్యుడికి విరిగినదాన్ని అతికించడంతో పని తీరదు. అతికిన కాలితో రోగి నడిచేదాకా వెంట ఉండాలి. ఆ నెలల తరబడి పని సైనికుడికి ఎవరు చేస్తారు? మాగ్నసన్ జవాబు సూటిగా ఉంది: వైద్య కళాశాలలను తీసుకురండి. రోగులు వీఏ దగ్గర ఉన్నారు, గురువులూ శిష్యులూ కళాశాలల దగ్గర ఉన్నారు. యుద్ధంలో చదువు మధ్యలో ఆగి తిరిగొచ్చిన యువ వైద్యులు వేలల్లో రెసిడెన్సీ కోసం ఎదురుచూస్తున్నారు. ఇద్దరి అవసరమూ ఒక్కచోట తీరుతుంది.

1946 జనవరి 3న ట్రూమన్ సంతకంతో వచ్చిన చట్టం వీఏ డాక్టర్లను సివిల్ సర్వీసు పట్టునుంచి తప్పించింది. ఆ నెల 30న పాలసీ మెమోరాండం నంబర్ 2 వెలువడింది. పేరు చూస్తే ఏ గుమాస్తా బల్లమీదో దుమ్ము పట్టే కాగితం అనిపిస్తుంది. అమెరికా వైద్యవిద్యను అంతగా మార్చిన కాగితాలు మాత్రం కొద్ది. రోగి బాధ్యత పూర్తిగా వీఏది. రెసిడెంట్ల చదువు బాధ్యత కళాశాలది. మధ్యలో కళాశాల డీన్ల కమిటీ వైద్యుల పేర్లు సూచిస్తుంది. షికాగో దగ్గరి ఎడ్వర్డ్ హైన్స్ ఆసుపత్రి మొదటి ప్రయోగశాల అయింది. (పదవి కోల్పోయిన హైన్స్‌కూ ఈ ఆసుపత్రికీ చుట్టరికం లేదు, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఒక యువ లెఫ్టినెంట్ పేరది.) మాగ్నసన్ 1948లో వీఏ వైద్య విభాగానికి అధిపతి అయ్యాడు. 1951లో పై అధికారితో పొసగక పదవి పోగొట్టుకున్నాడు. ఒప్పందం మాత్రం నిలిచింది.

డాలస్‌లో ఈ రెండు పక్షాలూ పక్కపక్కనే పెరిగాయి. లాంకాస్టర్ రోడ్డులో, లిస్బన్ అనే పాత పల్లె ఉన్నచోట, వీఏ ఆసుపత్రి 1940లో తెరుచుకుంది. 1943లో బేలర్ వైద్య కళాశాల హ్యూస్టన్‌కు తరలిపోతే, ఊళ్లో మిగిలిన వైద్యులు సౌత్‌వెస్టర్న్ కళాశాలను బారకాసుల్లోనే మొదలుపెట్టారు. అది 1949లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో చేరింది. దాని రెసిడెంట్లకు పార్క్‌ల్యాండ్ ఆసుపత్రి, మాజీ సైనికుల ఆసుపత్రి రెండు వేర్వేరు బడులు. పార్క్‌ల్యాండ్ ప్రమాదాల చోటు. 1963 నవంబరు 22న కెనెడీతో పాటు గాయపడిన గవర్నర్ కానలీ మణికట్టును బాగుచేసింది అక్కడి ఆర్థోపెడిక్స్ అధిపతి చార్లెస్ గ్రెగరీ. అక్కడ రాత్రికి రాత్రే నిర్ణయాలు. లాంకాస్టర్ రోడ్డులో అంత హడావుడి ఉండదు. అరిగిన మోకాలు, బిగుసుకున్న భుజం, ఇరవై ఏళ్లనాటి కట్టుతో ఇరవై ఏళ్లుగా నెట్టుకొస్తున్న నడక: రెసిడెంటు ఓపీలో చూసేవి ఇవి.

ఆ ఓపీ స్వరూపాన్ని దిద్దింది కృత్రిమ అవయవాల సమస్య. కాళ్లు చేతులు పోగొట్టుకున్న సైనికులకు యుద్ధం ముగిసిన తొలి రోజుల్లో అమ్మిన సరుకు నాసిరకం. 1948లో అమెరికన్ కాంగ్రెస్ కృత్రిమ అవయవాల పరిశోధనకు ఏటా పది లక్షల డాలర్లు కేటాయించింది. వీఏ ఆసుపత్రుల్లో వైద్యుడు, కాలు తయారుచేసే నిపుణుడు, ఫిజియోథెరపిస్టు ఒకే గదిలో ఒకే రోగిని చూసే బృందాలు ఏర్పడ్డాయి. కోసిన తర్వాత మిగిలిన కాలు ఎంత పొడవుండాలో సర్జన్ నిర్ణయిస్తే, ఆ నిర్ణయం మంచిచెడ్డలు కాలు తొడిగే మనిషి చెబుతాడు. పుస్తకంలో దొరకని పాఠమిది. మన దేశంలో దీనికి దగ్గరి పోలిక పుణేలో 1944లో సైన్యం కోసం మొదలైన ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్. హైదరాబాదు పంజాగుట్టలో నిజాం ధర్మనిధి నిలిపిన ఆర్థోపెడిక్ ఆసుపత్రి, ఇప్పటి నిమ్స్, సామాన్యుల కోసం పుట్టింది.

ఒప్పందానికి మరో ముఖముంది. మాజీ సైనికుడు చదువుకునే కుర్రాళ్లకు సాధనమా అన్న విమర్శ వీఏను వదల్లేదు. అందుకే పర్యవేక్షణ నియమాలు బిగిశాయి. రెసిడెంటు ఎంత చూసినా, సీనియర్ వైద్యుడు చూసినట్టు రికార్డులో ఉండాలి. 2003 నుంచి వారానికి 80 గంటల పని పరిమితి అన్ని రెసిడెన్సీలకూ వచ్చింది. వియత్నాం తరం వచ్చాక రోగులూ మారారు. ఆ యుద్ధంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే కలుపుమందు తగిలినవాళ్లకు వచ్చే టైపు 2 మధుమేహాన్ని వీఏ 2001లో సేవతో ముడిపడిన జబ్బుగా అంగీకరించింది. ఎముకల క్లినిక్‌కు తూటా గాయాల పక్కన మానని పాదపు పుళ్లు చేరాయి.

1965 వలస చట్టం తర్వాత గుంటూరు, విశాఖ, కాకినాడ, హైదరాబాదు, వరంగల్ కళాశాలల నుంచి వెళ్లిన మన డాక్టర్లలో కొందరు వీఏలో కుదురుకున్నారు. ఎక్కువగా మెడిసిన్, సైకియాట్రీ, మత్తు విభాగాల్లో. ఆర్థోపెడిక్స్ తలుపు విదేశీ పట్టభద్రులకు అంత తేలిగ్గా తెరుచుకోలేదు, ఇప్పటికీ తెరుచుకోదు. శిక్షణ ముగించిన జె-1 వీసా వైద్యుడు స్వదేశానికి వెళ్లకుండా ఉండేందుకు సిఫారసు చేసే అధికారం వీఏకు ఉంది. మాగ్నసన్ కాలంలో లేని ఆ వెసులుబాటూ డాక్టర్ల కొరతలోంచే పుట్టింది. 2014 నాటి మరో చట్టం వీఏలో 1,500 రెసిడెంటు స్థానాలను చేర్చమంది.

మెమోరాండంలో తేలని చిక్కు ఒకటి మిగిలింది. రెసిడెంటు లాంకాస్టర్ రోడ్డులో కొన్ని నెలలుండి పార్క్‌ల్యాండ్‌కో, పిల్లల ఎముకలు చూసే స్కాటిష్ రైట్‌కో వెళ్తాడు. ఇర్వింగ్ నుంచి వచ్చే ముసలాయన మాత్రం ఏళ్ల తరబడి ఇక్కడికే వస్తాడు. ప్రతిసారీ కొత్త ముఖానికి పాత కథ చెప్పాలి. ఈ లోటును కొంత పూడ్చింది 1980ల నుంచి వీఏ సొంతంగా కట్టుకున్న కంప్యూటర్ రికార్డు. కొత్త రెసిడెంటు గదిలోకి వెళ్లే ముందు, తనకన్నా ముందు చూసినవాళ్లు మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందని రాశారో అందులో చదువుకుంటాడు. తర్వాత లోపలికి వెళ్లి తనూ కొలిచి, ఆ అంకె కింద తన అంకె రాస్తాడు.