గ్రంథాలయ వారోత్సవాల పుట్టుక

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాల వెనుక తెలుగువారి గ్రంథాలయోద్యమం ఉంది. అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. బరోడా గ్రంథాలయ శాఖకు చెందిన కుడాల్కర్ దానికి అధ్యక్షుడు. భారత గ్రంథాలయ సంఘం 1968 నుంచి ఈ వారోత్సవాలు జరుపుతోంది. నెహ్రూ జయంతి కూడా నవంబరు 14నే కావడంతో అయ్యంకి పేరు మరుగున పడడం విచారకరం.

ఉపన్యాసాలు, పోటీలు ఎన్ని ఉన్నా ఈ వారంలో అన్నిటికన్నా విలువైనది పుస్తక ప్రదర్శన. మామూలు రోజుల్లో బీరువాల్లో ఉండిపోయే నిఘంటువులు, శాసన సంపుటాలు, 1924లో మొదలైన ‘భారతి’ వంటి పత్రికల పాత సంచికలు బల్లల మీదికి వస్తాయి. ఒకే అంశం కింద వాటిని పేర్చినప్పుడు, పేరు తెలియక కేటలాగులో వెతకలేని పాఠకుడికి కూడా అవి కంటబడతాయి.