పీపీ ఆఫీసులో ఇంటర్న్‌షిప్: లా విద్యార్థులు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?

ఉదయం పదిన్నర. మెజిస్ట్రేట్ కోర్టు పక్కనే ఓ చిన్న గది. టేబుల్ నిండా కేసు కట్టలు. సమన్లు అందుకుని వచ్చిన సాక్షి తలుపు దగ్గర నిలబడ్డారు. ఎప్పుడో పోలీసులకు చెప్పిన మాటలు ఆయనకు సగమే గుర్తున్నాయి. కాసేపట్లో బోనెక్కాలి. ఆ రోజు వాయిదా ఉన్న కేసులన్నింటికీ ప్రభుత్వం తరఫున ఉన్నది మాత్రం ఒక్కరే ప్రాసిక్యూటర్.

మీరు లా చదువుతుంటే, క్రిమినల్ కేసు నిజంగా ఎలా నడుస్తుందో దగ్గరగా చూడగలిగే చోటు ఇది. అయితే ఇక్కడ మీ చేతికి వచ్చే ప్రతి కాగితం వెనుకా ఒక బాధితురాలో, ఒక నిందితుడో ఉంటారు. అందుకే వెళ్లే ముందే కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

పీపీ అంటే పోలీసుల లాయరా?

కాదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ ప్రభుత్వం తరఫున కేసు నడిపే న్యాయవాది. ఎలాగైనా శిక్ష వేయించడం ఆయన పని కాదు. ఉన్న సాక్ష్యాన్ని, అది నిందితుడికి అనుకూలంగా ఉన్నా సరే, న్యాయంగా కోర్టు ముందుంచడం ఆయన బాధ్యత.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్‌లోని 18వ సెక్షన్ పీపీలు, అదనపు పీపీల గురించి చెబుతుంది. వీరు సెషన్స్ కోర్టుల్లో, హైకోర్టులో వాదిస్తారు. న్యాయవాదిగా కనీసం 7 ఏళ్ల ప్రాక్టీస్ ఉండాలి. మెజిస్ట్రేట్ కోర్టుల్లో ఉండేవారు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు, అంటే ఏపీపీలు. వీరి గురించి 19వ సెక్షన్‌లో ఉంది. కేసు దర్యాప్తులో పాల్గొన్న పోలీసు అధికారిని ఆ కేసుకు ఏపీపీగా నియమించడానికి వీల్లేదు. 20వ సెక్షన్ ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ల గురించి చెబుతుంది.

ఎన్ని వారాలు చేయాలి?

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 న్యాయవిద్యా నిబంధనల ప్రకారం:

- మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివేవారు కోర్సు మొత్తంలో కనీసం 12 వారాలు
- ఐదేళ్ల కోర్సు చదివేవారు కనీసం 20 వారాలు
- ఏ ఏడాదిలోనైనా ఏకబిగిన 4 వారాలకు మించకూడదు
- ట్రయల్, అప్పీలు కేసులు వాదించే న్యాయవాదుల దగ్గర కనీసం ఒక్కసారైనా పనిచేసి ఉండాలి

పీపీ ఆఫీసులో చేసిన రోజులను మీ కాలేజీ ఏ పద్దు కింద లెక్కిస్తుందో ముందే అడగండి. చివరి సెమిస్టర్‌లో వారాలు తక్కువయ్యాయని తెలిస్తే ఇబ్బంది పడేది మీరే.

ఎలా అడగాలి?

ముందుగా ప్రిన్సిపల్ లేదా ప్లేస్‌మెంట్ ఇన్‌చార్జి సంతకంతో సిఫారసు లేఖ తీసుకోండి. అందులో మీ పేరు, ఏడాది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది స్పష్టంగా ఉండాలి. మెజిస్ట్రేట్ కోర్టులో నేర్చుకోవాలనుకుంటే అక్కడి ఏపీపీని, సెషన్స్ కేసులు చూడాలనుకుంటే పీపీ లేదా అదనపు పీపీని కలవండి. జిల్లాలో పైఅధికారి అనుమతి కావాలంటే ఆ సంగతి వారే చెబుతారు.

కోర్టు మొదలయ్యే ముందు హడావుడిలో కాకుండా, సాయంత్రం కోర్టు ముగిశాక వెళ్లండి. వేసవి సెలవుల్లో చేయాలనుకుంటే కోర్టులకూ అప్పుడే సెలవులుంటాయని గుర్తుంచుకోండి.

మొదటిసారి వెళ్తుంటే ఏపీపీ దగ్గర మొదలుపెట్టడం మేలు. చిన్న కేసులు త్వరగా కదులుతాయి. నాలుగు వారాల్లోనే ఛార్జిషీటు నుంచి తీర్పు వరకు అన్ని దశలూ వేర్వేరు కేసుల్లో చూసేయొచ్చు.

రోజూ ఏం పని ఉంటుంది?

ముందు రోజు రాత్రే ఈకోర్ట్స్ యాప్‌లో మర్నాటి కేసుల జాబితా చూసుకోండి. సీసీ నంబరు ఉంటే మెజిస్ట్రేట్ విచారించే కేసు. ఎస్‌సీ నంబరు ఉంటే సెషన్స్ కేసు. ఆఫీసులో సాధారణంగా విద్యార్థులకు అప్పగించే పనులు ఇవి:

- ఎఫ్‌ఐఆర్, పంచనామా, వైద్య నివేదిక, సాక్షుల వాంగ్మూలాలు చదివి తేదీల వారీగా పట్టిక రాయడం
- ఒక సాక్షి చెప్పినదానికీ మరో సాక్షి చెప్పినదానికీ తేడాలు గుర్తించడం
- బెయిల్ పిటిషన్‌కు కౌంటర్ రాసేటప్పుడు పాత తీర్పులు వెతకడం
- కోర్టులో కూర్చుని చీఫ్, క్రాస్ ఎగ్జామినేషన్ నోట్స్ రాసుకోవడం

రెండు చట్టాల సెక్షన్లూ తెలిసి ఉండాలి. కొత్త చట్టాలు 2024 జూలై 1న అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి ఒకే రోజు రెండూ వినిపిస్తాయి. పాత 161 వాంగ్మూలం ఇప్పుడు 180. మెజిస్ట్రేట్ నమోదు చేసే 164 ఇప్పుడు 183. ఛార్జిషీటుకు సంబంధించిన 173 ఇప్పుడు 193. ఐపీసీ 302 బీఎన్‌ఎస్‌లో 103 అయింది. ఈ పట్టిక మీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

ఎక్కడ జాగ్రత్త పడాలి?

ఫోన్ దగ్గర. ఫైలు ఫొటో తీసి ఇంట్లో చదువుకుందామనిపిస్తుంది. తీయకండి. అత్యాచార బాధితుల వివరాలు బయటపెడితే బీఎన్‌ఎస్ 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా పడొచ్చు. పేరు రాయకపోయినా ఊరు, కాలేజీ, బంధుత్వం చెబితే మనిషిని గుర్తుపట్టేయొచ్చు. పోక్సో కేసుల్లో పిల్లల వివరాలకూ, నేరంలో చిక్కుకున్న మైనర్ల వివరాలకూ చట్టం ఇలాంటి రక్షణే ఇచ్చింది. క్లాస్ వాట్సాప్ గ్రూపులో ‘ఈరోజు ఒక కేసు చూశా’ అని మొదలుపెట్టినా ప్రమాదమే.

అత్యాచార కేసుల విచారణ రహస్యంగా జరుగుతుంది. జడ్జి అనుమతి లేకపోతే హాల్లోంచి బయటికి రావాలి. అడిగించుకోకుండా ముందే లేవడం మర్యాద.

సాక్షితో మాట్లాడాల్సి వస్తే నీళ్లు కావాలా, ఎక్కడ కూర్చోవాలి అన్నంత వరకే. ‘ఇలా చెప్పండి’ అని ఒక్క మాటన్నా, క్రాస్‌లో అది బయటపడితే కేసే దెబ్బతింటుంది. బాధితులు న్యాయం జరుగుతుందా అని మిమ్మల్నే అడగొచ్చు. మీరు హామీ ఇవ్వకండి, వారిని ప్రాసిక్యూటర్ దగ్గరికి తీసుకెళ్లండి.

నిందితుడో, ఫిర్యాదుదారో మీకు బంధువో, మీ వీధివారో అయితే ఆ సంగతి వెంటనే చెప్పేయండి. ఆ ఫైలు ముట్టుకోకండి. డిఫెన్స్ లాయరు దగ్గర ఇంతకుముందు ఇంటర్న్‌షిప్ చేసి ఉన్నా చెప్పాలి.

వాదించొచ్చా?

వీల్లేదు. 1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం ఎన్‌రోల్ అయిన న్యాయవాదులకే ఆ హక్కు. వాయిదా అడగడానికి కూడా మీరు లేవకూడదు. గౌను, బ్యాండ్ వేసుకోకూడదు. తెల్ల చొక్కా, నల్ల కోటు, నల్ల టై, బూట్లు సరిపోతాయి.

డబ్బులిస్తారా? తర్వాత పనికొస్తుందా?

స్టైపెండ్ ఆశించి వెళ్లకండి. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ సూచించిన నెలకు రూ.20,000, రూ.15,000 జూనియర్ న్యాయవాదుల కోసం. విద్యార్థుల కోసం కాదు.

ఇంటర్న్‌షిప్ ప్రాక్టీస్ కిందకు రాదు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీస్ తప్పనిసరని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పిచ్చింది. ఆ లెక్క ఎన్‌రోల్‌మెంట్ తర్వాతే మొదలవుతుంది. ఏపీపీ పోస్టులకూ ప్రాక్టీస్ అనుభవం అడుగుతారు.

కోర్టుకు వెళ్లకుండానే సర్టిఫికెట్ తెచ్చుకునే దారులు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. కాగితం దొరుకుతుంది. కానీ రేపు మీరే ప్రాసిక్యూటరై నిలబడ్డప్పుడు, భయంతో మాట పడిపోయిన సాక్షిని ఎలా అడగాలో ఆ కాగితం చెప్పదు. రోజూ హాజరు తేదీ, విన్న కేసు దశ, నేర్చుకున్న విషయం డైరీలో రాసుకోండి. పేర్లు మాత్రం వద్దు. చివరి రోజు సర్టిఫికెట్ అడిగేటప్పుడు ఆ డైరీనే ముందుపెట్టండి.