పొగతో నిలిచిన ఇల్లు

స్కాట్లండ్ వెళ్ళే మన సభ్యులు చాలామంది ఎడిన్‌బరో కోట చూసి వెనక్కి వచ్చేస్తారు. కొన్నేళ్ళ క్రితం మేము పిల్లలతో ఇంకా పైకి, లూయిస్ దీవికి వెళ్ళాము. అక్కడి ఆర్నోల్ గ్రామంలో 42వ నంబరు ఇంటిని గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

అది ఒక సామాన్య రైతు ఇల్లు. 19వ శతాబ్దం రెండవ భాగంలో కట్టినది. 1966 వరకు అందులో కాపురమున్నారు. గోడలు రాతివి, సున్నం లేదు, అడుసు లేదు. లోపల ఒక వరస, బయట ఒక వరస రాళ్ళు పేర్చి, నడుమ మట్టి కూరారు. కప్పు లోపలి వరస మీదనే ఆనుతుంది కనుక చూరు బయటికి రాదు. గాలికి పట్టు దొరకదు. ఆ దీవిలో చెట్లు అరుదు. సముద్రం ఒడ్డుకు తెచ్చిన కొయ్య కూడా వాసాలకు పనికివచ్చేది. పైన గడ్డి, దాని మీద తాళ్ళు, తాళ్ళకు బరువుగా రాళ్ళు.

ఒకే కప్పు కింద ఒక వైపు మనుషులు, ఒక వైపు పశువులు. నడుమ నేల మీద పొయ్యి. చిత్తడి నేలలో తవ్వి ఎండబెట్టిన పీటు గడ్డలే వంటచెరకు. పొగగొట్టం లేదు! పొగ గడ్డిలోనుంచే మెల్లగా బయటికి పోవాలి. ఆ పొగే కప్పును ఆరబెట్టి, పురుగును దూరంగా ఉంచేది. మసి పట్టిన పాత గడ్డిని పీకి పొలానికి ఎరువుగా వేసేవారు.

డాక్టరుగా నాకు ముందు తోచింది ఊపిరితిత్తుల మాటే. ఆ రోజుల్లో ఆరోగ్య అధికారులు కూడా ఈ ఇళ్ళను తప్పుపట్టారు. అది న్యాయమే. కానీ మేము వెళ్ళిన రోజున కూడా లోపల పీటు మండుతూనే ఉంది. నిప్పు ఆరితే కప్పు చివుకుతుందట.

అక్కడ నాకు మా నాయనమ్మ వంటపాక గుర్తుకు వచ్చింది. వాసాలన్నీ మసితో నిగనిగలాడేవి. ఆవిడ పోయాక ఆ పొయ్యి ఎవరూ రాజెయ్యలేదు. రెండు వానాకాలాలకు చెదలు పట్టి పాక కూలిపోయింది. నేసినవాడి పనితనం మంచిది కాదని అందరం అనుకున్నాము.

ఆ పొగ పాకను కాపాడింది. రాత్రంతా దగ్గే నాయనమ్మను మాత్రం కాపాడలేదు. పాత ఇంటిని మెచ్చుకునేటప్పుడు ఈ రెండూ కలిపే పిల్లలకు చెప్పాలి.