మేధోవైకల్యం గల వయోజనులకు చేతివృత్తుల శిక్షణ

తర్కించడం, నేర్చుకోవడం, చిక్కులను విప్పుకోవడం వంటి బౌద్ధిక వ్యాపారాలలోనూ, దైనందిన జీవితానికి కావలసిన సామాజిక, ఆచరణ నైపుణ్యాలలోనూ గణనీయమైన పరిమితి ఉండి, అది ఎదిగే వయసులోనే బయటపడితే ఆ స్థితిని మేధోవైకల్యం అంటారు. పూర్వం బుద్ధిమాంద్యంగా వ్యవహరించిన ఈ స్థితి మందులతో నయమయ్యే జబ్బు కాదు. మానసిక రోగాలతో దీన్ని కలిపి చూడడం సరి కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని 2.68 కోట్ల వికలాంగులలో ఈ వర్గంవారు సుమారు 15 లక్షలు. వీరిలో పద్దెనిమిదేళ్లు దాటినవారికి ఒక చేతివృత్తిని, లేదా అందులోని కొన్ని దశలను క్రమపద్ధతిలో నేర్పి సంపాదనకు దారి చూపడం ఈ శిక్షణ ఉద్దేశం. తెలుగు ప్రాంతాలలో దీనికి సంబంధించిన విజ్ఞానం హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలో పోగుపడగా, దాని అవసరం ఉన్న కుటుంబాలు ఎక్కువ భాగం జనగామ జిల్లాలోని రఘునాథపల్లి వంటి మండలాల గ్రామాలలో ఉన్నాయి.

సంస్థలు, చట్టాలు

హైదరాబాదులో 1968లో మొదలైన ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ ఈ రంగంలో తొలితరానికి చెందినది. కేంద్ర ప్రభుత్వం 1984లో సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పింది. ఇప్పుడు దానికి జాతీయ బౌద్ధిక దివ్యాంగజనుల సాధికారత సంస్థ అని పేరు. అక్కడ పనిచేసిన త్రేసియకుట్టి, గోవిందరావు ఒక వ్యక్తి ఏ పనికి సిద్ధంగా ఉన్నాడో అంచనా వేసి, దానికి తగినట్టు శిక్షణను అమర్చే పద్ధతిని రూపొందించారు. పాఠశాల నుంచి పనిలోకి వెళ్లే మధ్యకాలానికి ప్రత్యేక ప్రణాళిక ఉండాలన్న ఆలోచన దేశంలో వ్యాపించడానికి ఆ సంస్థ ప్రచురణలు తోడ్పడ్డాయి. మంజులా కల్యాణ్ 1991లో స్థాపించిన స్వయంకృషి, మేధోవైకల్యం గల స్త్రీలు చిన్న బృందాలుగా ఒక ఇంట్లో కలిసి నివసిస్తూ పని నేర్చుకొనే విధానాన్ని చేపట్టింది.

2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం (2016) తన 19వ సెక్షనులో, మేధోవైకల్యం, ఆటిజం, బహుళ వైకల్యాలు గలవారికి మార్కెట్‌తో సజీవ సంబంధం ఉండే ప్రత్యేక నైపుణ్య శిక్షణను ప్రభుత్వ బాధ్యతగా పేర్కొన్నది. ఆచరణలో తరచుగా జారిపోయేది ఈ మార్కెట్ సంబంధమే.

బోధన తీరు

చేతివృత్తి సాధారణంగా పెద్దల చేతిని చూసి అబ్బుతుంది. పక్కన కూర్చున్న పిల్లవాడు ఆ కదలికలలో ఏది ముఖ్యమో, ఏది కాదో తనంతట తానే ఏరుకుంటాడు. మేధోవైకల్యం ఉన్నవారిలో చాలామందికి కష్టమయ్యేది చేతిపని కన్నా ఈ ఏరుకోవడమే కనుక, ఆ పనిని బోధకుడు ముందుగా చేసిపెట్టవలసి ఉంటుంది. వృత్తిని వరుసగా అమర్చిన చిన్న చిన్న అంచెలుగా విడదీయడాన్ని కార్య విశ్లేషణ అంటారు. ఉదాహరణకు మోదుగాకుల విస్తరి కుట్టడంలో తొడిమలు తుంచడం, నడుమ ఉంచవలసిన పెద్దాకును ఎంచడం, దాని చుట్టూ తక్కిన ఆకులను అంచు మీద అంచు వచ్చేలా పేర్చడం, సన్నని పుల్లతో కుట్టడం, మిగిలిన పుల్లను విరవడం, కుట్టినదాన్ని బరువు కింద పెట్టి ఆరబెట్టడం అనే అంచెలు ఉంటాయి. కుట్టు దగ్గర ఆగిపోయే అభ్యాసకునికి ఆ ఒక్క అంచెనే మళ్లీ విడదీయాలి: రెండాకులను ఎడమచేతి వేళ్ల నడుమ అదిమిపట్టడం, పుల్ల మొనను కిందికి గుచ్చడం, రెండో వైపు నుంచి పైకి తేవడం. ఎన్ని అంచెలు అన్నది పనిని బట్టి కాక నేర్చుకొనేవారిని బట్టి తేలుతుంది.

అంచెలను మొదటి నుంచి చివరికి నేర్పవచ్చు, చివరి నుంచి మొదటికీ నేర్పవచ్చు. రెండో పద్ధతిలో బోధకుడు పని అంతా చేసి ఆఖరి అంచెను మాత్రం అభ్యాసకునికి వదిలి, అది పట్టుబడ్డాక దాని ముందరి అంచెను అప్పగిస్తాడు. అభ్యాసకుడు తొలిరోజునే పూర్తయిన వస్తువును తన చేతుల మీదుగా పక్కన పెట్టగలగడం దీని ప్రయోజనం. నిరుత్సాహపడి మధ్యలో లేచిపోయేవారికి ఇది అనువైనది.

అందించే సాయానికి మెట్లు ఉంటాయి: చేయి పట్టి చేయించడం, చేసి చూపించడం, వేలితో చూపడం, మాటతో గుర్తుచేయడం. అవసరమైనంత సాయంతో మొదలుపెట్టి దాన్ని క్రమంగా ఉపసంహరించకపోతే, అభ్యాసకుడు వస్తువును కాక బోధకుని ముఖాన్ని చూస్తూ పనిచేయడానికి అలవాటుపడతాడు. అమెరికన్ విద్యావేత్త మార్క్ గోల్డ్ (1939–1982) తీవ్రమైన వైకల్యం గలవారికి పదిహేను విడిభాగాల సైకిల్ బ్రేకును బిగించడం నేర్పి, లోపం నేర్చుకొనేవారి శక్తిలో కన్నా నేర్పే తీరులో వెతకాలని వాదించాడు. ఆయన పద్ధతిలో మాట చాలా తక్కువ. గుక్కతిప్పుకోకుండా సూచనలు ఇచ్చే శిక్షకులు నేటికీ గమనించవలసిన విషయమిది.

తీర్పు, లెక్క, కొలత అవసరమైన చోట వాటి భారాన్ని పరికరానికి అప్పగించడం మరో మెళకువ. చెక్కపలక మీద విస్తరి కొలతకు గీసిన వలయం ఉంటే గుండ్రంగా పేర్చడానికి కంటి అంచనా అక్కరలేదు. పాతిక గడులున్న పెట్టెలో గడికొక వస్తువు పెట్టగలిగితే లెక్కించడం రాకపోయినా కట్ట సరిగ్గా వస్తుంది. ఇటువంటి ఆధారాన్ని యంత్రశాలల్లో జిగ్ అంటారు. ప్రతి అంచెను అభ్యాసకుడు తానుగా చేశాడా, లేక ఏ సాయంతో చేశాడు అని రోజూ పట్టికలో గుర్తించుకుంటేనే పని ఎక్కడ ఆగుతున్నదో తెలుస్తుంది. ఒకచోట నేర్చినది మరొకచోటికి దానంతటదే బదిలీ కాదు కనుక, వీలైనంతవరకు అసలు పనిచోటులోనే, అసలు సరుకుతోనే నేర్పాలి.

నైపుణ్యం ఒక్కటే ఉద్యోగాన్ని నిలబెట్టదు. మేధోవైకల్యం గలవారు పనులు కోల్పోవడానికి కారణాలను 1981లో పరిశీలించిన గ్రీన్‌స్పాన్, షౌల్ట్జ్ పని రాకపోవడంతో పాటు సామాజిక మెలకువ లోపించడం కూడా ముఖ్యమైన కారణమని చూపారు. వేళకు రావడం, పని తప్పినప్పుడు అడగడం, తోటివారి వస్తువులను ముట్టకపోవడం, కూలి డబ్బును గుర్తుపట్టడం కూడా పాఠ్యాంశాలే.

రఘునాథపల్లి పరిసరాలు

హైదరాబాదు–వరంగల్ రహదారి మీదనున్న రఘునాథపల్లి 2016 అక్టోబరు 11న జనగామ జిల్లా ఏర్పడేవరకు వరంగల్ జిల్లాలో ఉండేది. మండలాలలోని భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలు గల బడివయసు పిల్లలకు ఉద్దేశించినవి. ఆ వయసు దాటాక హనుమకొండలోని మల్లికాంబ మనోవికాస కేంద్రం వంటి సంస్థలకో, సికింద్రాబాదుకో వెళ్లడం తోడు వచ్చే మనిషి లేని ఇళ్లకు సాధ్యపడదు. అందువల్ల పద్దెనిమిదేళ్ల తరువాత చాలామందికి మిగిలేది వైకల్య ధ్రువపత్రం, దాని మీద వచ్చే పింఛను, ఇల్లు.

అయితే ఈ ప్రాంతంలో నేర్పదగిన వృత్తులకు కొదవ లేదు. జనగామ చెంతనున్న పెంబర్తి ఇత్తడి రేకుల నగిషీకి ప్రసిద్ధి చెంది, భౌగోళిక గుర్తింపు పొందింది. కొడకండ్లలో చేనేత ఉంది. మహబూబాబాదు, భూపాలపల్లి అడవులలో మోదుగ ఉంది. పెంబర్తి పనిలో రేకును లక్క మీద అతికి ఉలితో బొమ్మ తేల్చడం ఏళ్ల సాధన కోరే విద్య, కాచిన లక్క ప్రమాదకరం కూడా. కాని తయారైన వస్తువును తోమి మెరుగుపెట్టడం, ఆరబెట్టడం, చుట్టి పెట్టెకెత్తడం విడదీసి నేర్పదగిన దశలే. మగ్గం ఇంట్లో కండెలు చుట్టడం కూడా అటువంటిదే. ఒక వృత్తినంతటినీ ఒకే మనిషికి నేర్పాలన్న పట్టుదల కన్నా, నడుస్తున్న పనిశాలలో ఒక దశను అతని వశం చేయడం ఫలవంతం.

దేశంలోని అనేక శిక్షణ కేంద్రాలలో కొవ్వొత్తులు, కాగితపు సంచులు, అగరుబత్తులు, ఫినాయిలు, సుద్దముక్కలే కనిపిస్తాయి. నేర్పడానికి సులువని ఎంచుకున్న ఈ వస్తువులు యంత్రాల సరుకుతో పోటీపడలేక, పండగల ప్రదర్శనలలో జాలి మీద అమ్ముడుపోతాయి. ప్రత్యేకంగా వికలాంగులకే నడిపే ఆశ్రిత పనిశాలల మీద ఈ విమర్శ ప్రపంచమంతటా ఉంది. వాటికి బదులుగా 1980లలో అమెరికా చట్టాలలో చోటు సంపాదించిన మద్దతుతో కూడిన ఉపాధి విధానంలో ముందు సాధారణ పనిచోటులో చేర్చి, పక్కన ఒక ఉద్యోగ శిక్షకుణ్ణి ఉంచి అక్కడే పని నేర్పుతారు. పరిశ్రమలు లేని మండలాలకు ఇది ఉన్నదున్నట్టుగా సరిపడకపోయినా, కమ్మరి, కంచరి, నేతగాని ఇంటినే పనిచోటుగా తీసుకుంటే సరిపడుతుంది.

పనితో పాటు సంపాదన ఎవరి చేతిలో ఉంటుందన్నదీ ముఖ్యమే. అభ్యాసకునికి పద్దెనిమిదేళ్లు నిండాక తల్లిదండ్రులు చట్టరీత్యా తమంతట తాము సంరక్షకులుగా కొనసాగరు. అవసరమైతే 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు నాయకత్వంలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. 2016 చట్టంలోని 13వ సెక్షను తమ ఆర్థిక వ్యవహారాలను తామే నడుపుకొనే హక్కును వికలాంగులకు ఇతరులతో సమానంగా గుర్తించింది. కాబట్టి శిక్షణ తరువాత వచ్చే కూలి ఆ పని చేసిన మనిషి పేరున ఉన్న ఖాతాలోనే జమ కావాలి.