‘పురిట్లో పోయింది’

పిహెచ్.డి. కోసం స్త్రీల స్వీయచరిత్రలు చదువుతున్న రోజుల్లో ఒక వాక్యం నాకు పదేపదే ఎదురయ్యేది. ఫలానా ఆవిడ పురిట్లో పోయింది. అంతే. కథ మళ్ళీ బతికున్నవాళ్ళ వైపు నడిచిపోయేది. ఎలా పోయింది, పోయేముందు ఏం చెప్పింది అని నేనూ అడగలేదు, మా అక్క రెండో కాన్పు దాకా.

సిజేరియన్ అయిన పదో రోజున అక్క ఎడమ పిక్క వాచింది. “పచ్చి బాలింతవి, మంచం దిగకు” అంది అమ్మ. మర్నాటికి నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు బి.పి. చూసి, “ఏం లేదమ్మా, కంగారు పడుతోంది” అని నిద్రమాత్ర రాసిచ్చాడు. రాత్రికి పెదాలు నీలంగా మారితే వేరే ఆస్పత్రికి పరుగెత్తాం. సి.టి. స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ రక్తపు గడ్డలు కనిపించాయి. హెపారిన్ ఇచ్చారు. అక్క బతికింది. నేను వైద్యచరిత్ర పుస్తకాలు తెరిచాను.

బాలింతల కాలు వాపుకి పెద్ద చరిత్రే ఉంది. 18వ శతాబ్దపు యూరప్‌లో దాన్ని ‘పాల కాలు’ అన్నారు. బిడ్డ తాగని పాలు కాల్లోకి దిగి పేరుకుంటాయని వైద్యులు నమ్మారు. అంటే తప్పు తల్లి పాలది! 1823లో లండన్ ప్రసూతి వైద్యుడు డేవిడ్ డేవిస్, చనిపోయిన బాలింతల శరీరాలను పరీక్షించి, సిరలు గడ్డలతో మూసుకుపోయాయని చూపాడు. కాలి సిరలో కట్టిన గడ్డ ఊడి, గుండె గుండా వెళ్ళి ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంటుందని 1840లలో జర్మనీలో రుడాల్ఫ్ విర్కో నిరూపించాడు. ఎంబాలిజం అన్న పేరు అతను పెట్టిందే.

రక్తం నిదానించడం, సిర దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం, ఈ మూడూ దీనికి కారణాలు. బాలింతలో మూడూ కలుస్తాయి. కాన్పులో ఎక్కువ రక్తం పోకుండా శరీరమే గడ్డకట్టే గుణాన్ని పెంచుకుంటుంది. పెరిగిన గర్భాశయం సిరల్ని నొక్కుతుంది. సిజేరియన్ అయితే కోత కూడా తోడవుతుంది. ఆ పైన మనం కదలనివ్వం, నీళ్ళు సరిగా తాగనివ్వం. కాన్పు తర్వాతి ఆరు వారాలు అన్నిటికంటే ప్రమాదకరం. ప్రేమతో మనం వేసే పురిటి మంచం గురించి ఇక్కడ ఆగి ఆలోచించాలి.

మందు సంగతి 1960లో తేలింది. బ్రిస్టల్‌లో బారిట్, జోర్డాన్ అనే వైద్యులు జరిపిన ప్రయోగంలో, రక్తం గడ్డకట్టకుండా చేసే మందు ఇవ్వని 19 మందిలో అయిదుగురు ఊపిరితిత్తుల్లోని గడ్డల వల్లే చనిపోయారు. ఇచ్చిన 16 మందిలో ఆ కారణంతో ఒక్కరూ పోలేదు.

ఆ ఏడాదే అమెరికాలో గర్భనిరోధక మాత్రకు అనుమతి వచ్చింది. 1961లో ఇంగ్లండులో అదే రకం మాత్ర వాడుతున్న ఒక నర్సుకు ఊపిరితిత్తుల్లో గడ్డ కట్టిందని ఆమె డాక్టరు ‘లాన్సెట్’కు రాశాడు. ఆ సంబంధం 1968లో బ్రిటిష్ అధ్యయనాల్లో రుజువైంది. 1970 జనవరిలో అమెరికన్ సెనేట్‌లో దీనిపై విచారణ జరిగితే, మాత్ర మింగిన స్త్రీ ఒక్కరినీ సాక్ష్యానికి పిలవలేదు. ఆలిస్ వుల్ఫ్‌సన్, ఆమె సహచరులు ప్రేక్షకుల్లోంచి లేచి, మమ్మల్నెందుకు అడగలేదని నిలదీశారు. మాత్రతో పాటు హెచ్చరిక కాగితం ఇవ్వాలన్న నిబంధన ఆ ఏడాదే వచ్చింది. తర్వాత్తర్వాత మాత్రలో ఈస్ట్రోజెన్ బాగా తగ్గింది. నిజానికి మాత్ర కన్నా గర్భం, కాన్పులలోనే గడ్డల ప్రమాదం ఎక్కువ. తెలిసి ఎంచుకునే హక్కు కోసమే ఆ స్త్రీలు కేకలు వేశారు.

అక్క ఆ తర్వాత మూడు నెలలు వార్ఫరిన్ వేసుకుంది. మోతాదు సరిచూడ్డానికి తరచూ రక్తపరీక్షలు చేయించుకుంది. “పాలు మాన్పించాలా?” అని అమ్మ భయంగా అడిగితే, అక్కర్లేదంది డాక్టరు. ఇక ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు మాత్రం ఎప్పుడూ వాడొద్దని గట్టిగా చెప్పింది. పాల కాలు కథ తెలిసిన నాకు ఆ గదిలో నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఒంటికాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరితో పాటు ఛాతీలో పోటు వచ్చినా, దగ్గితే రక్తం పడినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఇటీవలే కాన్పయిందనో, ఆపరేషనయిందనో, మాత్రలు వాడుతున్నాననో అక్కడ ముందుగా చెప్పాలి. కంగారు అంటే ఒప్పుకుని తిరిగి రాకూడదు.

ఆ స్వీయచరిత్రలు ఇప్పుడు మళ్ళీ చదువుతున్నాను. ‘పురిట్లో పోయింది’ అన్న చోట ఆగుతున్నాను. వాళ్ళలో ఎందరు ఊపిరాడటం లేదని ముందే చెప్పి ఉంటారో!